మూలనపడిన పాత పడవ మోటారును మళ్లీ నడిపించడం ఎలా?

పడవ వెనుక తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటారు చేతికి రాగానే ఎవరికైనా స్టార్టర్ తాడు పట్టుకుని ఒక్కసారి లాగి చూడాలనిపిస్తుంది. దయచేసి లాగకండి. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది నూనె పొర ఆరిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు సన్నని తుప్పుతో గోడలకు అతుక్కుని ఉండవచ్చు. నీటి పంపులోని రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది. కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురైపోతుంది. ఇవన్నీ బాగుచేసుకోదగిన జబ్బులే. కానీ ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే రింగు విరిగి సిలిండర్ గోడను గీసేస్తుంది. దానికి మాత్రం తేలికైన వైద్యం లేదు.

నా చేతుల మీదుగా వెళ్లిన పాత మోటార్లలో ఎక్కువ భాగం అరిగిపోయి ఆగినవి కావు, ఊరికే పడి ఉండి ఆగినవి. అందుకే ఈ పనిలో నైపుణ్యం కన్నా వరుస ముఖ్యం అంటాను. ముందు తిరుగుతుందా, తర్వాత కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) ఉందా, ఆ తర్వాత నిప్పురవ్వ, పెట్రోలు, నీరు. స్టార్టు చేయడం అన్నిటికన్నా చివర. ఈ వరుసను తలకిందులు చేసినవాళ్లు కొత్త కార్బ్యురేటర్ కిట్టు కొని బిగించాక, సిలిండర్ ఎప్పుడో పోయిందని తెలుసుకుంటారు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కార్బ్యురేటర్ ఉన్న చిన్న, మధ్యరకం టూ స్ట్రోక్ (పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే) మోటార్ల గురించి. పాతవాటిలో ఎక్కువ అవే. ఫోర్ స్ట్రోక్‌కు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

మోటారు ఏదో, ఏ ఏడాదిదో తేల్చుకోండి

పడవ వెనుక చెక్కకు మోటారును బిగించే బ్రాకెట్టు మీద సాధారణంగా ఒక చిన్న రేకు ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు దాని మీదే ఉంటాయి. కిరోసిన్ అద్దిన గుడ్డతో తుడిచి, నంబర్లను ఫోటో తీసి పెట్టుకోండి. విడిభాగాలు, మరమ్మతు పుస్తకం, ఆయిల్ పాళ్లు అన్నీ ఆ నంబరు మీదే ఆధారపడతాయి.

జాన్సన్, ఎవిన్‌రూడ్ అనే పేర్లతో వచ్చిన మోటార్లకు 1980 నుంచి ఒక చక్కని గుర్తు ఉంది. 'ఇంట్రడ్యూసెస్' అనే ఇంగ్లిషు మాటలోని పది అక్షరాలు ఐ, ఎన్, టీ, ఆర్, ఓ, డీ, యూ, సీ, ఈ, ఎస్ వరుసగా 1 నుంచి 9, ఆపైన 0 అంకెలకు గుర్తులు. మోడల్ నంబరులో ఏడాదిని తెలిపే రెండక్షరాలు సీ, ఓ అయితే 8, 5, అంటే 1985 మోడల్. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకం మొదలుపెట్టిన మోటార్ల పరంపర 2020లో ఉత్పత్తి ఆగడంతో ముగిసింది. అయినా ఇంపెల్లర్లు (నీటి పంపులోని రబ్బరు రెక్కల చక్రాలు), కార్బ్యురేటర్ కిట్లు, నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిళ్లను ఇతర తయారీదారులు ఇంకా చేస్తున్నారు. కాబట్టి ఉత్పత్తి ఆగిపోయిందన్న ఒక్క కారణంతో మోటారును పాత ఇనుము కింద లెక్కగట్టకండి.

నూనె పోసి, చేత్తో తిప్పండి

పై మూత తీసి, స్పార్క్ ప్లగ్గుల తీగలు లాగి, ప్లగ్గుల చుట్టూ ఉన్న ఇసుకను, దుమ్మును ఊదేయండి. లేకపోతే ప్లగ్గు తీయగానే ఆ చెత్తంతా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గులు విప్పి ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టుకుని వరుసగా పెట్టండి. నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండలేదని అర్థం. లేత గోధుమ రంగు అయితే ఆగిపోయే నాటికి ఇంజన్ బాగానే ఉన్నట్టు. ఒక ప్లగ్గుకు తుప్పు ఉండి రెండోదానికి లేకపోతే ఆ సిలిండర్‌లోకి నీరు చేరిందేమోనని అనుమానించాలి.

ఒక్కో సిలిండర్‌లోకి రెండు మూడు చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ పైన ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. దాదాపు అన్ని ఔట్‌బోర్డులూ ఆ దిశలోనే తిరుగుతాయి. వెనక్కి తిప్పితే నీటి పంపులోని రబ్బరు రెక్కలు ఎదురు మడతపడి చీలిపోవచ్చు.

కదలకపోతే కంగారు వద్దు. బిగుసుకుపోయింది పైన ఇంజనా, కింద గేరు భాగమా అన్నది ముందు తేల్చాలి. కింది గేరు భాగాన్ని విప్పి కిందికి దించాక ఫ్లైవీల్ తిరిగితే తప్పు పంపుదో గేర్లదో. అప్పటికీ కదలకపోతే పిస్టన్లు పట్టేశాయి. ఆటోమేటిక్ గేర్లలో వాడే ఆయిల్, అసిటోన్ సమంగా కలిపి సిలిండర్లలో పోసి, రోజుకోసారి ఫ్లైవీల్ నట్టు మీద పానా పెట్టి కాస్త ఒత్తిడి ఇస్తూ ఉండండి. వారం, రెండు వారాలు పట్టినా పట్టవచ్చు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. సుత్తితో కొట్టడం, ప్లగ్గు రంధ్రంలో కడ్డీ దూర్చి పిస్టన్‌ను నెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. పిస్టన్ తల అల్యూమినియం, అది ఓడిపోతుంది.

తిరిగాక ప్లగ్గులు లేకుండానే పదిసార్లు తిప్పి, మిగిలిన నూనెను ఒక గుడ్డలోకి బయటకు వచ్చేయనివ్వండి. నూనె నిండిన సిలిండర్‌కు ప్లగ్గు బిగించి తాడు లాగితే నూనె నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

కంప్రెషన్ కొలవకుండా పైసా ఖర్చు పెట్టకండి

ప్లగ్గు రంధ్రంలో మరతో బిగించే కంప్రెషన్ గేజీ ఒకటి కావాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ప్లగ్గుల తీగలను ఇంజన్ లోహానికి కలిపి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ముల్లు పెరగడం ఆగేదాకా తాడు లాగండి. ఐదారు లాగులు చాలు. నీళ్లు లేకుండా లాగుతున్నాం కాబట్టి అంతకన్నా ఎక్కువ సాగదీయవద్దు.

చిన్న టూ స్ట్రోక్ మోటార్లలో 90 నుంచి 130 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) మధ్య చూపడం మామూలు. ఇంకా పాతకాలపు మోటార్లలో కొన్ని తక్కువ కంప్రెషన్‌కే తయారయ్యాయి, వాటిలో 60 చూపినా జబ్బు కాదు. నేను అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడానే ఎక్కువ పట్టించుకుంటాను. ఒకటి 105, రెండోది 100 అయితే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. ఒకటి 110, రెండోది 70 అయితే అక్కడే ఆగండి. తక్కువ ఉన్న సిలిండర్‌లో చెంచాడు నూనె వేసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అతుక్కుని ఉన్నాయనో అరిగాయనో సూచన. అతుక్కున్న రింగులు నానబెట్టాక, ఇంజన్ కాసేపు నడిచాక వదులవడం నేను చాలాసార్లు చూశాను. పెరగకపోతే సిలిండర్ మూత కింది హెడ్ గాస్కెట్ విప్పి చూడాలి. ఒక సిలిండర్‌లో ఏమాత్రం ఒత్తిడి లేకపోతే పిస్టన్‌కు రంధ్రం పడిందేమో చూడండి. అదే నిజమైతే విడిభాగాల కోసమే ఆ మోటారు.

తాడుతో స్టార్టయ్యే కొన్ని ఫోర్ స్ట్రోక్ మోటార్లలో లాగడం తేలిక చేసేందుకు ఒత్తిడిని తగ్గించే అమరిక ఉంటుంది. వాటిలో గేజీ తక్కువ చూపిస్తుంది. అది చూసి ఇంజన్ పోయిందనుకోవద్దు.

గేరు ఆయిల్ ఒకసారి చూడండి

ఇది పది నిమిషాల పని. కింద ప్రొపెల్లర్ ఉన్న గొట్టం లాంటి భాగానికి దిగువన ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ ఉంటాయి. కింద పళ్లెం పెట్టి దిగువది ముందు తీసి, తర్వాత పైది తీయండి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీటిని ఆపాల్సిన రబ్బరు సీళ్ల ద్వారా నీరు చేరింది. స్క్రూ చివరి అయస్కాంతానికి సన్నని బూడిద లాంటి పొడి అంటితే ఫరవాలేదు. ముక్కలు కనిపిస్తే గేర్లు విప్పాల్సిందే.

జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో చాలావాటికి దిగువ స్క్రూ పక్కనే నక్షత్రపు గాడి ఉన్న ఇంకో స్క్రూ ఉంటుంది. అది ఆయిల్‌ది కాదు, లోపల గేరు మార్చే మీటకు ఇరుసు. పొరపాటున దాన్ని తీస్తే లోపలి మీట జారిపోయి, మొత్తం గేరు భాగం విప్పాల్సి వస్తుంది. వెడల్పు గాడి ఉన్నదే ఆయిల్ స్క్రూ.

కొత్త ఆయిల్ దిగువ రంధ్రం నుంచే ఎక్కించాలి, అప్పుడే లోపలి గాలి పైకి పోతుంది. పైనుంచి పొంగగానే ముందు పై స్క్రూ బిగించి, తర్వాత గొట్టం తీసి దిగువది బిగించండి. రెండింటికీ కొత్త వాషర్లు వేయండి. ప్రొపెల్లర్ విప్పి దాని వెనక చేపల గాలపు దారం చుట్టుకుని ఉందేమో చూడండి. సీళ్లను కోసేది ఎక్కువసార్లు అదే.

నిప్పురవ్వ

రవ్వ రాకపోతే మొదట చూడాల్సింది కాయిల్ కాదు, ప్రమాదంలో ఇంజన్‌ను ఆపే తాడు క్లిప్పు. అది స్థానంలో లేకపోతే ఎన్ని కొత్త భాగాలు వేసినా రవ్వ రాదు. ఆపే బటన్ తీగ ఎక్కడైనా ఒలిచిపోయి లోహానికి తగులుతున్నా ఇదే జరుగుతుంది. ఆ తీగను తాత్కాలికంగా విడదీసి చూడండి. రవ్వ వస్తే దోషం దొరికినట్టే.

ప్లగ్గును ఇంజన్‌కు ఆనించి రవ్వ చూడటం కన్నా, దూరం మార్చుకునే పరీక్షక పరికరం నమ్మదగినది. పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ రవ్వను పుట్టించే లోహపు మొనలు, ఉన్న పాత ఇగ్నిషన్ అయితే 6 మి.మీ. ఖాళీని, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ సీడీఐ అయితే సుమారు 10 మి.మీ. ఖాళీని నీలంగా, చిటపటలాడుతూ దూకాలి. పసుపుగా, సన్నగా ఉంటే బలం చాలదు. పరికరాన్ని ప్లగ్గు రంధ్రాలకు దూరంగా పెట్టండి, అక్కడి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకోగలదు.

పాయింట్ల ఇగ్నిషన్‌లో చాలాసార్లు తప్పు చిలుముదే. పాయింట్లు ఫ్లైవీల్ కింద ఉంటాయి. ఫ్లైవీల్ తీయడానికి దాని మీది మూడు మర రంధ్రాల్లో బిగించే పుల్లర్ వాడాలి. అంచు పట్టుకుని లాగే రకం పుల్లర్ అంచును వంచేస్తుంది, అయస్కాంతాలను కూడా ఊడదీస్తుంది. క్రాంకు (ఫ్లైవీల్ కూర్చునే ఇంజన్ ఇరుసు) చివర నేరుగా సుత్తి వేస్తే మర చెడుతుంది, బేరింగులకూ దెబ్బ తగులుతుంది. పాయింట్ల ముఖాలను 400 నంబరు ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, తర్వాత స్పిరిట్‌లో తడిపిన తెల్ల కాగితాన్ని వాటి మధ్య లాగండి. కాగితం తెల్లగా బయటకు వచ్చేదాకా లాగాలి. కంటికి కనిపించని నూనె మరక కూడా రవ్వను ఆపుతుంది. కామ్ ఎత్తైన చోట పాయింట్ల మధ్య ఖాళీ చాలా పాత మోటార్లలో 0.5 మి.మీ. మీ మోడల్ అంకెను పుస్తకంలో సరిచూసుకోండి. కాయిళ్ల పై పూత పగిలి పలుకులుగా ఊడుతుంటే మార్చేయండి, ఆ పగుళ్ల గుండా రవ్వ లోహంలోకి పారిపోతుంది.

ఫ్లైవీల్‌ను తిరిగి వేసేటప్పుడు క్రాంకు మీది వాలు భాగం, ఫ్లైవీల్ రంధ్రం రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ గ్రీజు రాయకండి. నట్టును పుస్తకం చెప్పిన బిగువుకే బిగించాలి. వదులుగా ఉంటే చిన్న కీ ముక్క కోసుకుపోయి రవ్వ సమయం తప్పుతుంది. ఆ తర్వాత ఇంజన్ ఎందుకు ఎదురు తంతోందో ఎన్ని రోజులు వెతికినా దొరకదు.

పెట్రోలు నడిచే దారి

స్టార్టు కాని పాత మోటార్లలో ఎక్కువ భాగం ఆగేది ఇక్కడే. ట్యాంకు నుంచి సిలిండర్ దాకా ఒక్కో చోట ఆగి చూడండి, ఏదీ దాటేయకండి.

ట్యాంకులోని పాత పెట్రోలు ఎంత ఉన్నా వాడకండి. వార్నిష్ వాసన కొడితే అది పెట్రోలు లక్షణాన్ని కోల్పోయింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. ట్యాంకు గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే. పాత పెట్రోలును మురుగులోకి వదలకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

ట్యాంకు నుంచి ఇంజన్‌కు ఒకటి కాక రెండు గొట్టాలు కలిసి వెళ్తుంటే అది 1950లనాటి ఒత్తిడి ట్యాంకు కావచ్చు. అందులో ఇంజన్ గాలిని ట్యాంకులోకి నెట్టి పెట్రోలును పైకి తోస్తుంది, విడిగా పెట్రోలు పంపు ఉండదు. సీళ్లు పాతబడ్డ అలాంటి ట్యాంకు చిమ్మితే ప్రమాదం. ఇంజన్‌కు పెట్రోలు పంపు అమర్చి మామూలు ట్యాంకుకు మారడమే మేలని నా అభిప్రాయం.

గొట్టాలు పైకి బాగున్నా లోపలి పొర ఊడి అడ్డుపడుతుంది. కొత్తవి వేయండి. గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు మీది బాణం ఇంజన్ వైపు ఉండాలి. కొన్నిసార్లు నొక్కాక బల్బు గట్టిపడి అలాగే ఉండాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఎన్నిసార్లు నొక్కినా గట్టిపడక కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే లోపలి సూది మూసుకోవడం లేదు. పెట్రోలు పంపులో ఉన్నదల్లా పలుచని పొర, రెండు కవాటాలు. క్రాంకు గదిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులతో ఆ పొర ఊగి పెట్రోలును తోస్తుంది. పొర గట్టిపడినా చిల్లు పడినా మార్చండి.

ఇక కార్బ్యురేటర్. పైనుంచి శుభ్రం చేసే ద్రవం చిమ్మితే చాలు అనేవారి మాట నమ్మకండి. పెట్రోలు ఏళ్ల తరబడి ఆరిన కార్బ్యురేటర్‌ను విప్పకుండా బాగుచేయలేం. విప్పేముందు మీటలు, గొట్టాలు ఎలా ఉన్నాయో ఫోటోలు తీయండి. మందగతి స్క్రూ (తక్కువ వేగంలో మిశ్రమాన్ని సర్దేది) ఉంటే, తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసి పెట్టుకోండి. బిగించి నొక్కితే సూది ముక్కు గాడిపడుతుంది, అక్కడి నుంచి మంద వేగం ఎప్పటికీ కుదరదు.

అడుగున గిన్నె విప్పి, ఫ్లోట్ ఇరుసు తీసి, ఫ్లోట్‌ను, సూదిని బయటకు తీయండి. సూది కొనకు గీత పడి ఉంటే సూది, దాని పీఠం రెండూ మార్చాలి. ప్రధాన జెట్టును (పెట్రోలు కొలతగా వెళ్లే సన్నని రంధ్రపు ముక్క) విప్పి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి, రంధ్రం గుండ్రంగా కనిపించాలి. లోహ భాగాలను కార్బ్యురేటర్ ద్రవంలో నానబెట్టండి. రబ్బరు, ప్లాస్టిక్, ఫ్లోట్ వేయకండి, ఉబ్బిపోతాయి. తర్వాత ప్రతి రంధ్రంలోంచి ద్రవం చిమ్మి, అది అవతలి రంధ్రంలోంచి బయటకు రావడం కళ్లారా చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ద్రవం ఎదురు చిమ్ముతుంది. జెట్టులోకి ఉక్కు తీగ దూర్చవద్దు. రాగి తీగలోని ఒక్క పోగు, నైలాన్ దారం చాలు. జెట్టు రంధ్రం ఏమాత్రం పెద్దదైనా మిశ్రమం తప్పుతుంది.

తిరిగి బిగించేటప్పుడు కార్బ్యురేటర్‌ను తలకిందులు చేసి పట్టుకోండి. సాధారణంగా ఫ్లోట్ గిన్నె అంచుకు సమాంతరంగా నిలవాలి. గాస్కెట్లు అన్నీ కొత్తవి వేయండి. మందగతి స్క్రూను మీరు రాసుకున్న లెక్కకు, లెక్క లేకపోతే ఒకటి నుంచి ఒకటిన్నర చుట్లకు తెరిచి పెట్టండి. ఖచ్చితమైన సర్దుబాటు ఇంజన్ వేడెక్కాకే.

నీటి పంపు: దీన్ని మార్చకుండా స్టార్టు చేయకండి

పాత ఇంపెల్లర్ చూడటానికి బాగుందని వదిలేసి ఇంజన్లు పోగొట్టుకున్నవారు ఎందరో. రబ్బరు రెక్కలు ఏళ్లకేళ్లు ఒకే వంపులో ఉండిపోయి అదే ఆకారానికి అలవాటుపడతాయి. కొద్ది వేగంలో కాస్త నీరు వచ్చినా వేగం పెరిగితే చాలదు. నీరు లేకుండా తిరిగితే ఆ రబ్బరు చూస్తుండగానే కాలి ఊడిపోతుంది. నా నియమం ఒక్కటే: మోటారు చేతికి వచ్చాక ఎవరు ఏం చెప్పినా కొత్త ఇంపెల్లర్ వేయాలి.

గేరు భాగం దించడానికి ముందు గేరు మార్చే కడ్డీ ఎక్కడ కలిసి ఉందో కనుక్కుని విడదీయాలి. తర్వాత పట్టి ఉంచిన బోల్టులు తీయండి. ఒక బోల్టు చాలా మోడళ్లలో చిన్న రెక్క లాంటి భాగం కింద దాగి ఉంటుంది. ఉప్పునీటిలో తిరిగిన మోటారు బోల్టులు ఒకసారికి లొంగవు. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచి, కాస్త బిగించే వైపు, కాస్త వదిలే వైపు తిప్పుతూ రండి. ఓర్పు నశించి బలంగా తిప్పి తల విరగ్గొట్టిన ఒకే ఒక్క బోల్టు నాకు రెండు రోజుల పని తెచ్చిపెట్టింది. వేడి చేయాల్సి వస్తే ముందు ఇంజన్ నుంచి పెట్రోలు అంతా తీసేయండి.

పంపు మూత తీసి పాత ఇంపెల్లర్‌ను లాగి, రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి లేకపోయినా ఆ ముక్క పైనెక్కడో ఉంది. నీటి గొట్టంలోనో థర్మోస్టాట్ దగ్గరో చిక్కుకుని ఉంటుంది. దాన్ని వెతికి తీయకుండా ముందుకు వెళ్లకండి. పంపు గిన్నె, అడుగు పలక మీద లోతైన గీతలుంటే అవీ మార్చండి. కొత్త ఇంపెల్లర్‌కు గ్లిజరిన్ గానీ సబ్బు నీళ్లు గానీ రాసి, చిన్న కీని ఇరుసు గాడిలో పెట్టి, మూతను కిందికి నొక్కుతూ ఇరుసును గడియారం దిశలో తిప్పండి. రెక్కలు వాటంతట అవే సరైన వైపు ఒరుగుతాయి.

తిరిగి ఎక్కించేటప్పుడు మూడు కలవాలి: ఇరుసు పళ్లు క్రాంకులో, నీటి గొట్టం దాని రబ్బరు వలయంలో, గేరు కడ్డీ దాని చోట. పళ్లు కలవకపోతే ఫ్లైవీల్‌ను కొంచెం ముందుకు తిప్పండి. బోల్టులు బిగించి దగ్గరకు లాగడానికి ప్రయత్నించకండి, అల్యూమినియం పగులుతుంది. ఇరుసు పళ్లకు పక్కల గ్రీజు రాయండి, కొనపై ముద్దగా పెట్టకండి. అది క్రాంకు లోపల చిక్కి ఇరుసును పూర్తిగా పైకి వెళ్లనివ్వదు. బోల్టు మరలకు నీటికి తట్టుకునే గ్రీజు రాస్తే మళ్లీ విప్పే రోజు తేలికవుతుంది.

థర్మోస్టాట్‌ను దారంతో వేడి నీళ్లలో వేలాడదీసి చూడండి. చాలా మోటార్లలో అది సుమారు 60 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే కొత్తది.

ఆయిల్ పాళ్లు

టూ స్ట్రోక్ ఇంజన్‌కు నూనె అందేది పెట్రోలులోనే. 1960ల తర్వాత వచ్చిన చాలా మోటార్లు 50:1తో నడుస్తాయి, అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్. అంతకు ముందరి వాటిలో చాలావాటికి 24:1 కావాలి, లీటరుకు సుమారు 42 మి.లీ. తెలియనప్పుడు ఎక్కువ ఆయిల్ వైపే మొగ్గండి. ఆయిల్ ఎక్కువైతే పొగ వచ్చి ప్లగ్గు నల్లబడుతుంది, అంతే. తక్కువైతే బేరింగు పోతుంది.

ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉండాలి, అది నీటితో చల్లబడే ఔట్‌బోర్డుల కోసం నిర్ణయించిన ప్రమాణం. మోటారు సైకిళ్ల టూ స్ట్రోక్ ఆయిల్ దీనికి సరిపోదు. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోలులో ఆయిల్ కలపనే కూడదు. దాని అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో పాత ఆయిల్ తీసి కొత్తది నింపి, ఫిల్టరు మార్చండి.

ఇప్పుడు తాడు లాగండి

ఆరుబయట చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. మంటలు ఆర్పే సిలిండర్ చేతికందేలా ఉంచండి. పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి, ప్రొపెల్లర్ పైన రెక్కలా పరుచుకున్న పలకకు జానెడు ఎత్తు దాకా నీరు ఉండేలా మోటారును బలమైన చట్రానికి బిగించండి. ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి. నీళ్లు పీల్చే రంధ్రాలకు తగిలించే రబ్బరు కప్పుల పద్ధతి మంద వేగానికే పనికొస్తుంది, ఆ స్థితిలో యాక్సిలరేటర్ పెంచవద్దు.

కొత్త ప్లగ్గులు వేసి, ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి, బల్బును గట్టిపడేదాకా నొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, చోక్ (గాలిని తగ్గించే మూత) మూసి లాగండి. మొదట తాడును బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగాలి. ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేయగానే చోక్ సగం తెరవండి. నాలుగైదు లాగుల్లో ప్రాణం పోసుకుంటే అదృష్టం, పదిహేను పట్టినా తప్పు లేదు. సిలిండర్లలో పోసిన నూనె కాలుతుంది కాబట్టి మొదటి కొన్ని నిమిషాలు దట్టంగా తెల్ల పొగ వస్తుంది.

పొగ వైపు చూడకండి, ఇంజన్ పక్క చిన్న రంధ్రం నుంచి నీటి ధార వస్తోందా చూడండి. నిమిషం లోపల రాకపోతే వెంటనే ఆపేయండి. ఆ రంధ్రం సాలెగూడుతోనో మట్టితోనో మూసుకుని ఉండవచ్చు, ముందు సన్నని తీగతో పొడిచి చూడండి. ధార వస్తుంటే పది నిమిషాలు నడిచాక సిలిండర్ హెడ్ మీద నీటి చుక్క వేయండి. చుక్క బుసబుసమని ఆవిరైతే లోపల నీటి దారులు పూడుకుపోయాయి.

స్టార్టయింది, కానీ సరిగా నడవడం లేదు

చోక్ సగం మూసి ఉంచితేనే నడుస్తుంటే పెట్రోలు తక్కువ అందుతోంది. మందగతి దారి ఇంకా పూర్తిగా శుభ్రపడలేదు, లేదా కార్బ్యురేటర్ గాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది. కార్బ్యురేటర్ రెండోసారి విప్పాల్సి రావడం మామూలే, విసుగు చెందకండి. బల్బు నొక్కుతూ ఉంటేనే నడుస్తుంటే పెట్రోలు పంపును చూడండి. ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు నడిచి ఆగిపోతుంటే ట్యాంకు గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. గాలి లోపలికి పోకపోతే ట్యాంకులో వెలితి ఏర్పడి పెట్రోలు ఆగిపోతుంది.

కుంటుతున్నట్టు నడుస్తుంటే ఒక సిలిండర్ పని చేయడం లేదు. ఆపి చూస్తే చల్లగా, ప్లగ్గు తడిగా ఉన్నదే ఆ సిలిండర్. ప్లగ్గుల్లో ఒకటి మాత్రమే కడిగినట్టు తళతళలాడుతుంటే అక్కడికి నీరు చేరుతోంది, హెడ్ గాస్కెట్ మార్చాలి.

పడవలో ఎక్కించాక ఇంజన్ శబ్దం పెరుగుతూ పడవ మాత్రం కదలకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు జారుతోంది. చిన్న మోటార్లలో అయితే ఇరుసు దగ్గరి పిన్ను విరిగి ఉంటుంది. ఆ పిన్ను రాయి తగిలినప్పుడు గేర్లను కాపాడి తాను విరిగేలా మెత్తటి లోహంతో చేసింది. దాని బదులు ఉక్కు మేకు దూర్చవద్దు. ప్రొపెల్లర్ మీద చేయి వేసే ప్రతిసారీ ముందు ప్లగ్గు తీగలు తీసేయండి.

నీటి మీదికి

తొలి ప్రయాణం ఒడ్డు వెంబడే చేయండి. తెడ్లు, లైఫ్ జాకెట్టు, అదనపు ప్లగ్గులు, ప్లగ్గు పానా, ఆపే తాడు ఉండాలి. మొదటి అరగంట సగం వేగం దాటకుండా, వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ నడపండి. మందగతి స్క్రూను సర్దాల్సింది అప్పుడే. ఇంజన్ వేడిగా, గేరులో ఉండి, పడవ మెల్లగా కదులుతుండగా ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పి, నాలుగైదు సెకన్లు ఆగి చూడండి. మరీ బిగిస్తే వేగం పెంచగానే తుమ్మి ఆగిపోతుంది. కుదిరిన చోటు నుంచి కొంచెం వదులు వైపు ఉంచండి, పలుచని మిశ్రమం కన్నా చిక్కని మిశ్రమం ఇంజన్‌కు క్షేమం.

ఒడ్డుకు వచ్చాక ఉప్పునీటిలో తిరిగి ఉంటే మంచినీటితో పది నిమిషాలు నడిపి లోపలి దారులు కడగండి. మోటారుకు బిగించి ఉండే జింకు దిమ్మెలు సగానికి పైగా కరిగిపోయి ఉంటే మార్చండి. వాటి మీద రంగు వేయకూడదు, రంగు వేస్తే అవి మోటారు బదులు తుప్పు పట్టే పని చేయలేవు. ఐదారు గంటల వాడకం తర్వాత గేరు ఆయిల్ దిగువ స్క్రూ కొద్దిగా వదులు చేసి ఒక్క చుక్క చూడండి. మళ్లీ తెల్లగా ఉంటే ఈసారి సీళ్లు మార్చక తప్పదు.

కొన్ని వారాలు వాడరనుకుంటే ట్యాంకు గొట్టం తీసేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడవనివ్వండి, తర్వాత కార్బ్యురేటర్ గిన్నె అడుగు స్క్రూ తీసి మిగిలిన పెట్రోలు వంపేయండి. ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు ఆయిల్ వేసి రెండుసార్లు తిప్పి, మోటారును నిటారుగా నిలబెట్టి ఉంచండి. వాలుగా పడుకోబెడితే కింద మిగిలిన నీరు సిలిండర్లలోకి ఎక్కుతుంది. ఇంపెల్లర్ మార్చిన తేదీ, ఆయిల్ పాళ్లు, మందగతి స్క్రూ చుట్ల లెక్క, ఈ మూడూ పై మూత లోపలి వైపు చెరగని సిరాతో రాయండి.